ఎర్ర దారం కట్టని తుపాకి

మేడ మీది గది,
సోమవారం

ఒరేయ్ పిచ్చుకా,

ఈ పేరుతో మొదలుపెట్టానని మొహం మాడ్చుకోకు. యాభై రెండేళ్లొచ్చి, పొట్ట మీద చొక్కా బొత్తాలు నిలవకపోయినా నాకు నువ్వు పిచ్చుకవే. ఫోన్లు ఆగిపోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పోస్టాఫీసు మాత్రం తెరిచారు. వారానికి ఒక్క బండి వెళ్తుందట. ఉత్తరాలు విప్పి చూసి పంపుతామని గుమ్మం మీద కాగితం అంటించారు. చూడనీ. అక్కాతమ్ముళ్ల మధ్య దాచుకునేంత రహస్యాలేముంటాయి.

నేను బాగానే ఉన్నాను. కింది అంతస్తులో పళ్ల డాక్టరు పెళ్లాం పిల్లల్ని తీసుకుని మామగారింటికి వెళ్లిపోయాడు. తాళం నా చేతిలో పెట్టి మొక్కలకు నీళ్లు పొయ్యమన్నాడు. వెనక వాటా వాళ్లు ఆ మాట కూడా చెప్పకుండా వెళ్లారు. ఇంత మేడకీ ఇప్పుడు నేనొక్కదాన్నే. కుట్టు మిషను ఆపితే నా ఊపిరి నాకే వినిపిస్తోంది, అందుకని ఆపడం లేదు. ఆసుపత్రి వాళ్లు ఈ నెల రెండింతల తెల్లకోట్లు అడిగారు. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు.

శుక్రవారం మూల మీది గాజు సామాన్ల కొట్టు పగలగొట్టారు. ఎవరు, ఏ వైపు వాళ్లు అని అడక్కు. ఎదురుగా చెప్పుల కొట్టాయన ఒక కథ చెప్తాడు, పక్కన మందుల షాపావిడ ఇంకో కథ చెప్తుంది. రెండింటికీ తలూపి నేను కాజాలు కుట్టుకుంటున్నాను.

చెప్పుల కొట్టాయన నన్ను చూసినప్పుడల్లా "మీ ఇంట్లో తుపాకి ఉందిగా అమ్మా, మాకదే కొండంత అండ" అంటున్నాడు. నాన్న తుపాకి సంగతి వీధంతటికీ తెలుసు. ముప్పై ఒక్కేళ్లు బ్యాంకు గుమ్మంలో దాన్ని పట్టుకుని నిలబడి, ఒక్కసారీ పేల్చకుండా ఇంటికొచ్చిన మనిషి. "ఇది పేలిందంటే నేను నా పని సరిగా చెయ్యలేదన్నమాట" అనేవాడు, గుర్తుందా. అది ఇప్పుడు బీరువాలో మీ బావ కోట్ల వెనక ఉంది. తూటాలు బొత్తాల డబ్బాలో ఉన్నాయి. తియ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. తుపాకులు బాగుచేసేవాడివి, నువ్వే చెప్పు.

అక్క


కొట్టు వెనక గది,
ఆదివారం

అక్కా,

ఉత్తరం అందింది. మూడుసార్లు చదివాను. తింటున్నావా? నిద్ర పడుతోందా?

ఇక్కడ కొట్టు ముందు పొద్దున్నే జనం. పదేళ్లుగా అటకల మీద పడేసిన తుపాకులన్నీ ఇప్పుడు దుమ్ము దులుపుకుని వస్తున్నాయి. నిన్న ఒక లెక్కల మాస్టారు తాతగారి తుపాకి తెచ్చాడు. గొట్టంలో సాలీడు గూడు కట్టుకుని ఉంది. "ఎలా పట్టుకోవాలండీ" అని తలకిందులుగా పట్టుకుని చూపించాడు. నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఆ తుపాకి ఇక పేలదని తేల్చి, మా గురువుగారి నియమం ప్రకారం ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మీకి ఎర్ర దారం కట్టి ఇచ్చాను. పేలని తుపాకి మా కొట్టు గడప దాటాలంటే ఆ దారం ఉండాల్సిందే. సొంతదారుకి నోటితో చెప్పాల్సిందే. మాస్టారు దారం కట్టినందుకు ఎంత సంతోషించాడో. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారట.

రోజంతా మనుషులే, కానీ నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. వచ్చినవాళ్లంతా చేతిలో తుపాకి చూసుకుంటూ మాట్లాడతారు. సాయంత్రం తలుపులు మూశాక వెనక గదిలో నిలబడే తినేస్తున్నాను. కూర్చుని తినాలంటే ఎదురుగా ఇంకో మనిషి ఉండాలనిపిస్తుంది.

నువ్వడిగినదానికి జవాబు: దాన్ని ముట్టుకోకు. బీరువాలోంచి తియ్యకు. ఎవరికీ చూపించకు. తుపాకి కనిపిస్తే రానివాడు కూడా వస్తాడు. బావ చెల్లెలింటికి వెళ్లే దారి ఉంటే వెళ్లు. లేకపోతే కింద డాక్టరుగారి గదిలో తలుపులేసుకుని కూర్చో. ఈ ఒక్కసారి నా మాట విను అక్కా. ఇక్కణ్ణించి బస్సులు లేవు. వంతెన మూసేశారు. ఉంటే నేనే వచ్చేవాణ్ని.

పిచ్చుక


మేడ మీది గది,
శనివారం

పిచ్చుకా,

ఊరందరికీ తుపాకులు బాగుచేసి ఇస్తావు, సొంత అక్కకి మాత్రం తలుపేసుకోమని సలహా ఇస్తావు. అందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టుంది నీ వ్యవహారం. మీ బావ చెల్లెలు నన్ను చూసి రెండేళ్లయింది. అన్నయ్య పోయాక వదినతో ఏం పనిలే అనుకుంది కాబోలు. అక్కడికి ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

నీ మాట వినలేదు. ముందే చెప్పేస్తున్నాను. బుధవారం చెప్పుల కొట్టాయనా, మందుల షాపావిడా కలిసి మెట్లెక్కి వచ్చారు. రెండు కథలవాళ్లూ ఒకే మాట మీద రావడం నేను చూడటం ఇదే మొదటిసారి. "మధ్యాహ్నాల పూట మీరు తుపాకి పట్టుకుని కిటికీలో కూర్చుంటే చాలమ్మా, ఏమీ చెయ్యక్కర్లేదు" అన్నాడాయన. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి ఎవరైనా పట్టుకుని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకున్నాను. అంతే, సరేనన్నాను. ఎంత చవగ్గా అమ్ముడుపోయానో చూడు.

నాలుగు రోజులుగా రెండింటి నుంచి ఐదింటి దాకా కిటికీలో కూర్చుంటున్నాను. ఒళ్లో తుపాకి, దాని మీద కోటు, కోటుకి కాజాలు. చూసేవాళ్లకి కాపలా, నాకు పని. వీధిలో నడిచేవాళ్లు తలెత్తి చూస్తున్నారు. రెండేళ్లలో ఇంతమంది నన్ను చూడలేదు.

ఒక్కటి అడుగుతాను. నీ ఉత్తరంలో ఎర్ర దారం సంగతి రాశావు. రెండేళ్ల క్రితం నువ్వు నూనె పెట్టాలని దీన్ని తీసుకెళ్లి, నెల ఉంచుకుని తెచ్చిచ్చావు. కమ్మీ అంతా వెతికాను. దారం లేదు. అంటే ఇది బతికున్న తుపాకేనన్నమాట. అంతేనా?

అక్క


కొట్టు వెనక గది,
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. ఆసుపత్రికి దూది తోలే లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. మనుషుల్ని ఎక్కించకుండా ఆ లారీని మాత్రం వంతెన దాటనిస్తున్నారు. మంచివాడు, మాట తక్కువ. ఉత్తరంతో పాటు ఒక తెల్ల దారపు రీలు కూడా ఇస్తాడు. అది తర్వాత చెప్తాను.

ముందు రాసిన మూడు కాగితాలు చింపేశాను. ఇది నాలుగోది. ఇంక సాగదియ్యను. నీ చేతిలో ఉన్న తుపాకి పేలదు. తూటా అడుగున కొట్టే చిన్న ముళ్లు రెండుంటాయి, గొట్టానికొకటి. రెండూ నేనే తీసేశాను. అవి లేకపోతే అది ఇనప గొట్టాలు బిగించిన కర్ర.

నువ్వు దాన్ని నమ్ముకుని కిటికీలో కూర్చున్నావని చదివి, బాగుచేస్తున్న తుపాకి బల్ల మీద పెట్టేశాను. వీధి వీధంతా నా అబద్ధం కింద తలదాచుకుంటోంది.

ఎందుకు తీశానో కూడా రాస్తాను. బావ పోయిన మూడో నెలలో వచ్చాను కదా. బీరువాలో బొత్తాల డబ్బాలన్నీ వరసగా సర్ది, ఒక్కోదాని మీద ఒక్కో పేరు రాసి అంటించావు. పెద్ద కత్తెర ఎవరికి, మిషను ఎవరికి, అన్నీ. బావ వాచీ నా చేతిలో పెట్టి "నాకిక టైముతో పనేముంది" అన్నావు. ఆ మాట అంటూ నవ్వావు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఏడ్చి ఉంటే ఇంత భయపడేవాణ్ని కాదు. మర్నాడు నూనె పెట్టాలని తుపాకి పట్టుకొచ్చేశాను.

నా దగ్గరే ఉంచేసుకోవాల్సింది. కానీ ఇవ్వకపోతే ఎందుకివ్వవని అడుగుతావు. ఆ జవాబు నీ మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. దారం కడితే వెంటనే కనిపెడతావు. రోజంతా దారంతో బతికే మనిషివి. అందుకే కట్టలేదు, చెప్పలేదు. చచ్చిన తుపాకిని బతికుందని చెప్పి ఇవ్వడం కన్నా మా పనిలో పాపం లేదని గురువుగారు అనేవారు. ఇరవై ఆరేళ్లలో ఆ తప్పు ఒక్కసారే చేశాను. నీ దగ్గరే చేశాను.

మొన్నటి దాకా ఆ ముళ్లు నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఇప్పుడు ఆ రీలు లోపలి గొట్టంలో ఉన్నాయి, కాగితం చుట్టి. పంపకపోతే గుంపు నీ మేడెక్కిన రోజున నీ చేతిలో కర్ర ఉంటుంది. పంపితే కంచే చేను మేస్తుందేమోనని భయం. రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరికి నీ ప్రాణం గురించి నీకు తెలియకుండా నేను ఇంకోసారి తీర్పు చెప్పకూడదనిపించింది. మీ వీధిలో సైకిళ్లు బాగుచేసే ముసలాయన చేతికిస్తే ఎక్కడ దూర్చాలో చూసి చెప్పేస్తాడు.

నేనిలా రాశానని కోపం తెచ్చుకో, తిట్టు, మాట్లాడటం మానెయ్. తింటున్నావా, నిద్ర పడుతోందా అని ప్రతిసారీ అడిగేది ఊరికే కాదక్కా. ఈసారైనా నిజం రాయి.

పిచ్చుక


కొట్టు వెనక గది,
బుధవారం

అక్కా,

పన్నెండు రోజులైంది. రీలు అందిందా?

లారీ డ్రైవరు మళ్లీ ఇటు రాలేదు. మీ వైపు రెండు వీధులు తగలబడ్డాయని రేడియోలో చెప్పారు. పేర్లు చెప్పలేదు. కొట్టు తెరవడం మానేశాను. ఎవరైనా తుపాకి పట్టుకొచ్చి తలుపు కొట్టినా తియ్యడం లేదు.

పంపినది నిన్ను కాపాడటానికో, ఇంకెందుకో నాకే తెలియడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఒక్క ముక్క రాయి. తిడుతూ రాసినా చాలు. ఖాళీ కాగితం మీద నీ చేత్తో అడ్రసు రాసి పంపినా చాలు.

పిచ్చుక


మేడ మీది గది,
ఆదివారం

పిచ్చుకా,

బతికే ఉన్నాను. ముందు ఆ మాట చదివి, మంచినీళ్లు తాగి, తర్వాత మిగతాది చదువు.

పోస్టాఫీసుకి తాళం పడింది. దూది లారీ నిన్ననే మళ్లీ వచ్చింది. అంతకుమించి ఆలస్యానికి కారణం లేదు. రీలు నీ ఉత్తరంతోనే, ఆ శనివారమే అందింది. ముళ్లు చూశాను. ఇంత చిన్నవా అనుకున్నాను. లావు గుడ్డ కుట్టే సూది మొన కన్నా కాస్త పెద్దవి.

నాకు తెలుసురా.

తుపాకి పేలదని నాకు రెండేళ్లుగా తెలుసు. ఎలా తెలిసిందని అడగకుండా ఉంటే బాగుండేది. కానీ నిజం రాయమన్నావు. నువ్వు దాన్ని తెచ్చిచ్చి వెళ్లిన పదకొండో రోజు, మధ్యాహ్నం పూట. ఆ వారం ఇవ్వాల్సిన కోట్లన్నీ పూర్తిచేశాను. మరకలు పడతాయని వాటిని పక్క గదిలో పెట్టి తలుపేశాను. చూశావా, అప్పుడు కూడా నా ధ్యాస కోట్ల మీదే. తర్వాత బీరువా తీశాను. టిక్కుమంది. ఇంకోసారీ టిక్కుమంది. అంతే.

మొదట కోపమొచ్చింది. చచ్చేదానిక్కూడా పనికిరాని దాన్నయ్యానా అని. తర్వాత ఇది ఎవరి చెయ్యో అర్థమైంది. నాన్న పోయాక దాన్ని ముట్టింది నువ్వొక్కడివే. నువ్వు నా మొహంలో అది చూశావని, చూసి ఒక్క మాటైనా అనకుండా ముళ్లు పీక్కుని వెళ్లిపోయావని తెలిసి ఆ రోజు నిన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నేల మీద కూర్చుని ఏడ్చాను. మీ బావ పోయాక అదే మొదటిసారి. ఇంతలో ఆసుపత్రి నర్సు కోట్ల కోసం వచ్చి తలుపు కొట్టింది. మొహం కడుక్కుని తీశాను. "ఒక జేబు కుట్టడం మర్చిపోయారండీ" అంది. సరే కూర్చోమని ఆ జేబు కుట్టి ఇచ్చాను. మర్నాడు ఇంకేదో పని వచ్చింది. అలా గడిచింది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, నాకు తెలుసని చెప్తే ఎలా తెలిసిందో కూడా నీకు తెలిసిపోతుంది. ఆ బరువు నీ నెత్తిన పెట్టడం ఇష్టంలేకపోయింది. నువ్వు దాచింది నా కోసం, నేను దాచింది నీ కోసం. రెండేళ్లు ఇద్దరం ఒకే బీరువాకి చెరోవైపు కాపలా కాశాం. ఎర్ర దారం గురించి అడిగింది నిన్ను ఇరుకున పెట్టడానికి కాదు. నువ్వు చెప్తే నేనూ చెప్పొచ్చని.

ఇక గుంపు సంగతి. రీలు అందిన మూడో రోజు, మూడున్నరకి వచ్చారు. ముప్పై నలభై మంది ఉంటారు. చేతుల్లో కర్రలు, కిరసనాయిలు డబ్బాలు. చెప్పుల కొట్టాయన షట్టరు దించి లోపల కూర్చున్నాడు. నేను లేచి కిటికీలో నిలబడ్డాను, నాన్న నిలబడినట్టు, గొట్టాలు కిందికి పెట్టి. ముందున్నవాడు తలెత్తి చూశాడు. చొక్కాకి పై బొత్తాం లేదు. అదొక్కటే నాకు కనిపించింది. "ముసలమ్మా, అది పేలుద్దా" అని అరిచాడు. "పైకొచ్చి చూడు" అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. వాళ్లలో వాళ్లు ఏదో అనుకున్నారు. పక్క వీధికి వెళ్లిపోయారు. పక్క వీధి తగలబడింది పిచ్చుకా. మనవాళ్లు బతికారని చెప్పుల కొట్టాయన నా గుమ్మంలో కూలబడి ఏడుస్తుంటే, నాకు మాత్రం పొగ వాసనే తగిలింది. నా కిటికీలోంచి తరిమితే అక్కడికి వెళ్లారు. అది కూడా రాసేస్తున్నాను.

అప్పుడు ముళ్లు నా సూదుల డబ్బాలోనే ఉన్నాయి. బిగించలేదు. ఆ మూడు రోజులూ డబ్బా తీయడం, చూడటం, మూయడం. సైకిళ్లాయన దగ్గరికి తీసుకెళ్దామని ఒకసారి చెప్పులు కూడా వేసుకున్నాను. బయటివాళ్లు వస్తే ఎలాగ అని ఒక మనసు. గుంపు ఎప్పుడో ఒకరోజు వస్తుంది, గంటలో పోతుంది. నేను ఈ ఇంట్లో రోజంతా ఉంటాను. మధ్యాహ్నం మిషను ఆపినప్పుడు ఇక్కడ ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు, నాకు తెలుసు.

అందుకని ముళ్లు తిరిగి పంపుతున్నాను. అదే రీలులో ఉన్నాయి, అదే డ్రైవరు తెస్తాడు. దారం సగం వాడుకున్నాను, ఏమనుకోకు. ఇంకో పని కూడా చేశాను. నా దగ్గరున్న ఎర్ర దారం మూడు పేటలు వేసి కమ్మీకి కట్టాను. మీ గురువుగారి నియమం నువ్వు తప్పావు, నేను నిలబెట్టాను. కిందికి వెళ్లి చెప్పుల కొట్టాయనకి కూడా చెప్పేశాను. "చెప్పకుండా ఉండాల్సిందమ్మా, నమ్మకం మీద బతికేవాళ్లం" అన్నాడు. తర్వాత తాళం వేసుకుని తన కుర్చీ తెచ్చి నా కిటికీ పక్కన వేసుకున్నాడు. తుపాకి ఉత్తదని తెలిశాక కిటికీలో రెండు తలలైనా కనిపించాలట. రెండింటి నుంచి ఐదింటి దాకా కూర్చుని, పాత చెప్పులు కుట్టుకుంటూ, ఆ రెండు కథల్లో మొదటిది రోజూ చెప్తున్నాడు. భరిస్తున్నాను.

ఐదయ్యాక వెళ్లిపోతాడు. ఇక అక్కణ్ణించి నువ్వు అడిగినదానికి జవాబు. తింటున్నాను, ఒక పూట. నిద్ర పట్టడం లేదు. మీ బావ వాచీ నీకిచ్చినందుకు ఇప్పుడు బాధగా ఉంది. టైమెంతయిందో చూసుకోవాలనిపిస్తోంది.

బొత్తాల డబ్బాల మీది పేర్లు నిన్న పీకేశాను. ఒక్కటి మాత్రం జిగురు గట్టిగా పట్టి రావడం లేదు. నీ పేరే అది.

నువ్వెప్పుడొచ్చినా ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవాడివి. నూనె పెట్టాలనో, ఇటువైపు పనుందనో. నేనూ ఒక్కసారైనా రమ్మని నోరారా అడగలేదు. అడిగితే నువ్వు భయపడతావని. ఇప్పుడు అడుగుతున్నాను. వంతెన తెరిచిన రోజున రా. తుపాకి కోసం కాదు. ముళ్లు అక్కడే, నీ సొరుగులో తాళం వేసి రా. బావ వాచీ పెట్టుకుని రా. భోజనానికి ఇక్కడ ఇంకో పీట వేస్తాను. నువ్వు కూర్చుని తింటుంటే చూడాలనుంది.

అక్క